హైదరాబాద్ అశోక్‌నగర్ ఫుట్‌పాత్‌ల మీద టిఫిన్ బండ్లు ఉండాలా, తీసేయాలా?

మెట్లమీదమూర్తి
అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి లైబ్రరీ వైపు రోజూ నడిచేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీరు ఫుట్‌పాత్ మీద నడుస్తున్నారా, రోడ్డు మీదా? మా అమ్మకు 78 ఏళ్లు. వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఫిజియోథెరపీ క్లినిక్ మా ఇంటికి నాలుగు సందుల అవతల. ఆ కాస్త దూరానికి ఆటో మాట్లాడుకోవాల్సి వస్తోంది, ఆటో అతనేమో "ఇంత దగ్గరకా" అని మొహం చిట్లిస్తాడు. పొద్దున ఆరున్నరకల్లా ఇడ్లీ బండి, దోసె బండి, చాయ్ డబ్బా. సాయంత్రమైతే మిర్చి, నూడుల్స్, గప్‌చుప్. ప్లేట్లు కడిగిన నీళ్లు అక్కడే పారబోస్తారు. నూనె పడి టైల్స్ జారుతున్నాయి. బండ్లన్నీ తీసేయమని మా కాలనీ అసోసియేషన్ వాళ్లు మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ రాస్తున్నారు, నేనూ సంతకం పెడుతున్నాను. ఈ ఏరియా వాళ్లు ఇంకెవరైనా కలుస్తారా?

గ్రూప్2_మళ్లీ
తీసేస్తే మేం ఎక్కడ తినాలి సార్? మా హాస్టల్లో పొద్దున పెట్టే ఉప్మా ప్లేటు బోర్లించినా కింద పడదు. ఇంటి నుంచి వచ్చే డబ్బులో హాస్టల్ ఫీజు, టెస్ట్ సిరీస్, జిరాక్స్‌లు పోగా మిగిలిందానితోనే తిండి. ఏసీ హోటల్లో ఒక పూట దోసె తినే డబ్బుతో బండి మీద రెండు రోజులు గడుస్తాయి. లైబ్రరీలో సీటు దొరకాలంటే తెరవకముందే లైన్లో ఉండాలి. దారిలో నాలుగు ఇడ్లీ తిని పోతేనే మధ్యాహ్నం దాకా కూర్చోగలం. ఉద్యోగాల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మా చేతుల్లో లేదు, టిఫిన్ అయినా టైముకి దొరకనివ్వండి.

చాయ్_సగం
ఆ ఉప్మా పారేయకు తమ్ముడూ. లేచిపోయిన ఫుట్‌పాత్ టైల్స్ అతికించడానికి పనికొస్తుంది.

షట్టర్_శేఖర్
మూర్తిగారికి నా మద్దతు. నాది అక్కడే స్టేషనరీ, జిరాక్స్ షాపు. అద్దె, అడ్వాన్సు, కమర్షియల్ మీటరు, ట్రేడ్ లైసెన్సు, ఇవన్నీ కట్టి షట్టర్ ఎత్తితే ఎదురుగా బండి. వచ్చేవాడికి షాపే కనబడదు. బండి అతనికి ఈ ఖర్చులేవీ లేవు. అడిగితే "పదింటికల్లా తీసేస్తా అన్నా" అంటాడు, పదకొండవుతుంది. అతని మీద నాకు పగేం లేదు. రూలంటే అందరికీ రూలే కదా.

నడక_నాగమణి
శేఖర్ గారూ, మీ దగ్గర జిరాక్స్ తీయించుకునే పిల్లలు ఆ బండి దగ్గర తినడానికి ఆగినవాళ్లే కదండీ. బండి లేకపోతే మీ షాపు ముందు ఎవరు ఆగుతారు?

మూర్తిగారు అడిగినదానికి జవాబు: రోడ్డు మీదే నడుస్తాను. కానీ నన్ను రోడ్డు మీదికి దింపేది బండ్లు కాదు, బైకులు. నాకు సాయంత్రం షిఫ్ట్. రాత్రి పది దాటాక చిక్కడపల్లి మెట్రో దిగి ఇంటికి నడిచి వస్తాను. ఆ వేళకు మూలన ఒక నూడుల్స్ బండి తప్ప టిఫిన్ బండ్లేవీ ఉండవు, అయినా ఫుట్‌పాత్ ఖాళీగా ఉండదు. హాస్టల్ బైకులు వరసగా, సైడు స్టాండు వేసి, గోడకూ వాటికీ మధ్య పిల్లి కూడా దూరకుండా పెట్టి ఉంటాయి. నిజం చెప్పాలంటే నాకు ధైర్యంగా ఉండేది ఆ నూడుల్స్ బండి ఉన్న మూల దాకానే. అక్కడ లైటు ఉంటుంది, నలుగురు నిలబడి తింటుంటారు, బండి అక్కకు నా మొహం తెలుసు. అది దాటి సందులోకి తిరిగాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడుస్తాను. అర్జీలో "అన్నీ తీసేయండి" అని రాసేముందు ఆడవాళ్లను కూడా ఒక మాట అడగండి. మీ అసోసియేషన్ మీటింగులో ఎంతమంది ఆడవాళ్లుంటారు మూర్తిగారూ?

మెట్లమీదమూర్తి
ట్రెజరర్ ఒకావిడ ఉన్నారు. ఆవిడే బండ్లు తీసేయాలని అందరికంటే గట్టిగా అంటున్నారు. వాళ్ల గేటు ముందే మిర్చి బండి మరి.

మిర్చిలో_ఉల్లి
ఆ గేటు అడ్రసు కాస్త చెబుతారా? సంతకం పెట్టడానికి కాదు.

లా_చదివినోడు
"అన్నీ తీసేయండి" అని రాస్తే ఆ అర్జీ నిలబడదు. రాసేవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది. వీధి విక్రేతల చట్టం 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. సర్వే పూర్తి చేసి, అర్హులందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను కదిలించకూడదని అందులో 3వ సెక్షన్ చెబుతుంది. వార్డు జనాభాలో 2.5 శాతం వరకు విక్రేతలకు చోటు చూపించాలి, అయితే ఆ చోటు పట్టేంతవరకే. ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ కూడదు, ఏ వేళల్లో పెట్టాలి అనేది టౌన్ వెండింగ్ కమిటీలో మాట్లాడి తేల్చాలి. కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం విక్రేతలు తమలో తాము ఎన్నుకున్నవాళ్లు, అందులో మూడోవంతు ఆడవాళ్లు. కాలనీ అసోసియేషన్లకు కూడా అందులో చోటుంది. ఆ సంగతి అసోసియేషన్లకే తెలియదు.

ఈ చట్టం ఎక్కడినుంచో ఊడిపడలేదు. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, దానికి తగిన ఆంక్షలు పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 1989లోనే సోదన్ సింగ్ కేసులో చెప్పింది. "తగిన ఆంక్షలు" అన్నచోటే మీరు పోరాడాలి.

మెట్లమీదమూర్తి
బాగుంది. అమ్ముకునేవాడికి ఇన్ని సెక్షన్లు. నడిచేవాడికి ఏముంది?

లా_చదివినోడు
మీకూ ఉంది. 2025 మేలో సుప్రీంకోర్టు పాదచారులకు సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు) కింద హక్కేనంది. వికలాంగులకు కూడా అనువుగా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని ప్రత్యేకంగా చెప్పింది. అంటే రెండువైపులా హక్కే. తేల్చుకోవాల్సింది కొలతల దగ్గర.

పెనం_పక్కన
ఈ థ్రెడ్‌లో బండి వైపు నుంచి మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నేను రాస్తున్నా. మా నాన్నది దోసె బండి. ఈ ఏరియానే, సందు పేరు చెప్పను. పాలమూరు నుంచి కూలికి వచ్చి, ముందు ఒక హోటల్లో సప్లయర్‌గా చేసి, తర్వాత బండి పెట్టుకున్నాడు. నేను బీటెక్ చదివింది ఆ పెనం మీదే.

"ఖర్చులేవీ లేవు" అన్నారు శేఖరన్న. రాత్రి పప్పు నానబెట్టడం, తెల్లారకముందే అమ్మ గ్రైండర్ వేయడం, కమర్షియల్ సిలిండర్, వాటర్ క్యాన్లు, బండి రాత్రిపూట పెట్టుకోవడానికి ఒకరి కాంపౌండుకు నెలనెలా అద్దె. రోజువారీ ఎవరెవరికి ఏమివ్వాలో అది ఇక్కడ రాయలేను. మీరు కట్టేదానికి రశీదు వస్తుంది, మేం కట్టేదానికి రాదు. అంతే తేడా.

మా నాన్నకు గుర్తింపు కార్డు ఉంది. కరోనా లాక్‌డౌన్ తర్వాత 2020లో కేంద్రం వీధి వ్యాపారులకు తెచ్చిన స్వనిధి లోను 10 వేలు తీసుకున్నాడు, కట్టేశాక 20 వేలు ఇచ్చారు. కొత్త పెనం, స్టౌ దాంతోనే కొన్నాం. తర్వాత ఒకరోజు లారీ వచ్చి ఆ స్టౌ, సిలిండర్, పిండి గిన్నెతో సహా ఎత్తుకుపోయింది. కార్డు చూపిస్తే "సైడుకు పెట్టుకో" అన్నారు. పిండి వాళ్ల దగ్గరే ఎండలో పులిసిపోయింది. స్టౌ మళ్లీ తెచ్చుకునేసరికి బర్నర్లు లేవు.

లా_చదివినోడు
అదే చట్టంలో దీనికీ ఉంది. సామాను పట్టుకుపోతే జాబితా రాసి కాపీ చేతికివ్వాలి. ఫీజు కట్టి అడిగితే పాడైపోయేవి అదేరోజు, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. మీ నాన్నగారికి కాగితం ఏమైనా ఇచ్చారా?

పెనం_పక్కన
ఇచ్చారన్నా, చేతికి ఒక తిట్టు.

పాత_చిక్కడపల్లి
అందరూ కొత్త సమస్యలా మాట్లాడుతున్నారు. నేను పుట్టింది ఈ వీధుల్లోనే. మూలమూలకూ ఇరానీ హోటల్ ఉండేది. పాలరాయి బల్ల, కుర్చీలు, ఒక చాయ్ చెప్పి పేపరంతా చదివి లేచినా ఎవరూ ఏమనేవారు కాదు. త్యాగరాయ గానసభలో ప్రోగ్రాం వదిలాక, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా సెకండ్ షో వదిలాక జనం ఎక్కడికి పోయేవాళ్లనుకున్నారు? హోటల్లోకి. ఇవాళ ఆ మూలల్లో మందుల షాపు, ఫోన్ల షాపు, కోచింగ్ బోర్డు. కూర్చునే చోటు పోయింది కాబట్టి నిలబడి తినే చోటు వచ్చింది. బండ్లు పెరిగాయని ఏడ్చేవాళ్లు ఆ హోటళ్ల స్థలాలు ఎవరు ఎంతకు అద్దెకిచ్చారో కూడా చూసుకోవాలి. అందులో మా అసోసియేషన్ పెద్దలూ ఉన్నారు.

చాయ్_సగం
పెద్దాయనా, ఆ పాలరాయి బల్ల మీద వన్ బై టూ చాయ్‌కి రెండు గంటలు కూర్చున్న వాళ్లలో నేనూ ఒకణ్ని. హోటళ్లు ఎందుకు మూతపడ్డాయో నాకు తెలుసు.

షట్టర్_శేఖర్
పాత రోజులు బాగానే ఉంటాయి చెప్పుకోవడానికి. అప్పుడు ఇంటికి ఒక సైకిల్. ఇప్పుడు ఒక్కో ఇంటికి మూడు బళ్లు. మెట్రో పిల్లర్లు వచ్చాక మెయిన్ రోడ్డు సగమైంది. 2023లో ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా స్టీల్ బ్రిడ్జి వేశారు. పైన పోయేవాడికి హాయి, కింద షాపువాడికి నీడ.

నడక_నాగమణి
బ్రిడ్జి మీద నడవనివ్వరు కూడా. మనకు నీడ ఒక్కటే వాటా.

డల్లాస్_నుంచి_రాజు
ఇక్కడ మా సబర్బులో ఫుట్‌పాత్ అద్దంలా ఉంటుంది. దాని మీద మనిషి కనబడితే ఏమైనా కారు చెడిపోయిందేమోనని ఆపి అడుగుతారు. టిఫిన్ కావాలంటే హైవే ఎక్కాలి. ఇండియా వచ్చినప్పుడు అశోక్‌నగర్‌లో మా మేనల్లుడి రూముకి పోతే కింద బండి మీద దోసె తిని ఏడుపొచ్చింది. ఉంచండి ప్లీజ్.

మెట్లమీదమూర్తి
రాజుగారూ, ఏడాదికోసారి దోసె తినిపోయే మీకు బాగానే ఉంటుంది. మీరు ఆనందంగా తిని కడుక్కున్న నీళ్ల మీద మా అమ్మ జారిపడుతుంది.

డల్లాస్_నుంచి_రాజు
చేతులు టిష్యూతో తుడుచుకున్నా సార్.

చక్రాల_చంద్రం
ఇంతసేపూ చదువుతూ ఉన్నా. మూర్తిగారి అమ్మగారి వాకర్‌కు పట్టే దారి నా వీల్‌చైర్‌కు పట్టదు కాబట్టి నా కేసు ఆవిడ కంటే కష్టం. నేను కూడా ఈ ఏరియానే. లైబ్రరీకి, బ్యాంకుకు, మెట్రోకు సొంతంగా వెళ్తాను, వెళ్లాలని పంతం.

నన్ను ఆపేవాటిని వరసగా చెబుతాను, బండ్లు ఎన్నో స్థానంలో వస్తాయో చూడండి. మొదటిది ఫుట్‌పాత్ ఎత్తు. ఒక్కోచోట అడుగున్నర ఉంటుంది, ఎక్కడానికి వాలు ఉండదు. ఉన్నచోట ఇటు ఎక్కే వాలు ఉంటుంది, అటు దిగేది ఉండదు. చివరిదాకా వెళ్లి, ఎక్కిన చోటికే వెనక్కి రావాలి. రెండోది షాపుల మెట్లు. ఒక్కో షాపు తన గుమ్మం ఎత్తుకు తగ్గట్టు రెండు మెట్లు ఫుట్‌పాత్‌లోకి కట్టుకుంది. మూడోది కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె, కేబుల్ వాళ్ల చుట్టలు. నాలుగోది బైకులు. వాటిని రానివ్వకుండా ఇనప గుంజలు పాతారు, ఆ గుంజల మధ్య నుంచి బైకు వంకరగా దూరిపోతుంది, నా కుర్చీ దూరదు. వీల్‌చైర్ వెడల్పు 65, 70 సెంటీమీటర్లు. చక్రం తిప్పే చేతులకు ఇంకాస్త కావాలి. 90 సెంటీమీటర్లు వదిలితే ఎలాగో పోతాను.

బండ్లు ఆ తర్వాత. ఎందుకంటే బండి దగ్గర మనిషి ఉంటాడు. "అన్నా" అంటే జరుపుతాడు, తినేవాళ్లను పక్కకు నెడతాడు, ఒక్కోసారి రోడ్డు దాకా వచ్చి కుర్చీ దింపుతాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను అన్నా అంటే జరగదు. బైకు ఓనరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

అలాగని బండ్లవాళ్లకు హారతి పట్టడం లేదు. నా దారి ఎవరి మంచితనం మీదా ఆధారపడకూడదు. రోజూ నలుగురిని బతిమాలుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. గీత గీయండి. ఆ గీతకు ఇవతల ఏదీ ఉండకూడదు, మెట్టయినా, బండైనా, బైకైనా.

నడక_నాగమణి
చంద్రం గారూ, ఈ పోస్టు ప్రింట్ తీసి ఆ అర్జీకి జత చేయాలి.

షట్టర్_శేఖర్
జిరాక్స్ నేను ఫ్రీగా తీస్తా. కానీ మెట్ల విషయంలో ఒక మాట. మా షాపు మెట్లు మేం సరదాకి కట్టుకోలేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే పొర వేస్తారు. రోడ్డు లేస్తుంది, వానొస్తే నీళ్లు షాపులోకి. అందుకని గడప ఎత్తించాం. గడప లేస్తే మెట్టు రాకతప్పదు.

సిమెంట్_సుబ్బు
శేఖర్ గారు చెప్పింది నిజమే, కానీ మెట్టు లోపలికి కట్టుకోవచ్చు. షాపులో రెండడుగులు పోతాయని బయటికి కడతారు.

నేను రోడ్ల పనుల్లో ఉన్నాను, ఈ ఏరియాలో కాదు. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం నడవడానికి అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, షాపులున్నచోట ఇంకా ఎక్కువ. ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. వాలు 12కి 1 చొప్పున వేయాలి, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు వాలు. చంద్రం గారు చెప్పిన అడుగున్నర ఎత్తుకు అదే లెక్కన వాలు వేయాలంటే ఐదున్నర మీటర్లు కావాలి. ఎక్కడుంది చోటు? ఎత్తు పెంచినప్పుడే ఆ ఫుట్‌పాత్ చచ్చిపోయింది. బైకులు ఎక్కకూడదని ఎత్తు పెంచుతారు, బైకులు ఎలాగూ ఎక్కుతాయి, ముసలివాళ్లు మాత్రం దిగిపోతారు.

ఇక బండి సంగతి. బండి వెడల్పు సుమారు మీటరు, దాని ముందు నిలబడి తినేవాళ్లకు ఇంకో మీటరు. రెండు మీటర్ల ఫుట్‌పాత్ మీద బండి పెడితే అది ఎంత మంచివాడి బండైనా నడిచేవాడికి మిగిలేది సున్నా. అందుకని బండిని ఫుట్‌పాత్ మీద నుంచి దింపి, రోడ్డు అంచున ఇప్పుడు బైకులు, కార్లు ఆపుతున్న పట్టీలో పెట్టాలి. మొహం ఫుట్‌పాత్ వైపు. తినేవాళ్లు అంచున నిలబడతారు, లోపల దారి మిగులుతుంది. డ్రైనేజీ ఛాంబర్ దగ్గర నాలుగు బండ్లకు కలిపి ఒక సింకు కట్టిస్తే నీళ్ల గొడవ కూడా పోతుంది. పెద్ద ఖర్చేం కాదు.

షట్టర్_శేఖర్
అంటే పార్కింగ్ తీసేసి బండ్లు పెడతారా! నా కస్టమర్ బండి ఎక్కడ ఆపాలి?

గ్రూప్2_మళ్లీ
అన్నా, మీ కస్టమర్లం మేమే. మాకు బండ్లు లేవు, నడిచే వస్తాం.

షట్టర్_శేఖర్
అందరూ మీలాంటివాళ్లే కాదు తమ్ముడూ. లా పుస్తకాలు, బైండింగ్ కోసం ఊరవతల నుంచి వచ్చేవాళ్లున్నారు.

పెనం_పక్కన
సుబ్బు గారు చెప్పిన ఏర్పాటు మాకు ఓకే. మా నాన్నను అడిగా. "గీత గీసి నంబరు ఇస్తే ఆ నంబరులోనే పెట్టుకుంటా, ఎవడికీ దండం పెట్టక్కర్లేదు" అన్నాడు. సింకు మాట చెబితే నమ్మలేదు. ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. నంబర్లు ఇచ్చేటప్పుడు ఇప్పుడున్నవాళ్లకు కాకుండా ఎవరో కార్పొరేటర్ తాలూకు మనుషులకు పోతాయని. అలా ఒకచోట జరిగింది కూడా, పేర్లు వద్దు.

బెజవాడ_బాబీ
మా బీసెంట్ రోడ్డులో ఈ తగువు నా చిన్నప్పటినుంచీ ఉంది. రోడ్డు మధ్యలో తోపుడు బండ్లు, అటూఇటూ షాపులు. పండగ ముందు షాపులవాళ్లు బండ్లు తీసేయాలంటారు. బండ్లు తీసేస్తే జనం రావడం తగ్గిందని మళ్లీ వాళ్లే గోల. చీర షాపులో కొని జాకెట్టు ముక్క, లేసు, పిన్నులు బండి మీద కొనుక్కుంటారు ఆడవాళ్లు. ఒకటి లేకుండా రెండోది నడవదు.

వైజాగ్_వాకర్
మాకు ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. ఆ కాసేపు రోడ్డంతా మనదే, పిల్లలు స్కేటింగు, పెద్దలు నడక. టైము అవగానే బ్యారికేడ్లు తీసేస్తారు. స్థలం ఒకటే, వేళలు వేరు. మీ హైదరాబాద్‌లోనూ ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు అలా చేశారు కదా.

పాత_చిక్కడపల్లి
ట్యాంక్‌బండ్ దాకా ఎందుకు, ఆబిడ్స్ ఆదివారం పుస్తకాలు చూడండి. షాపులు మూసి ఉన్నరోజు ఆ మూసిన షట్టర్ల ముందే పాత పుస్తకాలు పరుస్తారు. సోమవారం పొద్దునకు ఏమీ ఉండదు. ఎవరూ చట్టం చూపించి పెట్టించింది కాదు, ఎవరి వేళ వాళ్లు చూసుకున్నారు. మన దగ్గరా అంతే చేయొచ్చు. టిఫిన్ బండ్లకు ఆరు నుంచి పది, ఆ వేళకు షాపులు చాలావరకు తెరవనే తెరవవు.

షట్టర్_శేఖర్
నేను ఎనిమిదిన్నరకే తెరుస్తా. పరీక్షల సీజన్లో ఏడింటికే. పదికి లేస్తామంటే నాకు అభ్యంతరం లేదు, లేవాలి మరి.

మెట్లమీదమూర్తి
అందరూ బైకులు బైకులు అంటున్నారు. ఈ బైకులన్నీ ఫుట్‌పాత్ మీదికి ఎందుకొచ్చాయి? ప్రతి బిల్డింగుకూ సెల్లార్ ఉంది కదా.

గ్రూప్2_మళ్లీ
సార్, సెల్లార్లలో మేమున్నాం.

చాయ్_సగం
ఈ థ్రెడ్ మొత్తంలో ఇదే హెడ్డింగు పెట్టాల్సిన మాట.

గ్రూప్2_మళ్లీ
జోక్ కాదు అన్నా. నేను రాత్రిపూట చదివే స్టడీ హాల్ సెల్లార్లోనే ఉంది. ప్లైవుడ్ క్యాబిన్లు, నెలకు ఇంత అని, ఏసీ వేరే. ఇంతకుముందు అక్కడ ఆ బిల్డింగు వాళ్ల బైకులు ఉండేవట. ఇప్పుడవి ఫుట్‌పాత్ మీద ఉన్నాయి. మెట్లు ఒక్కటే దారి. 2024 జులైలో ఢిల్లీ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్ లైబ్రరీలోకి నీళ్లు వచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయినప్పుడు మా హాల్లో రెండు వారాలు అందరూ మెట్ల దగ్గర క్యాబిన్లే అడిగారు. తర్వాత మామూలే. మా ఓనరు ఒక బకెట్ ఇసుక తెచ్చి పెట్టాడు. నీళ్లొస్తే ఇసుక ఏం చేస్తుందో నాకు అర్థం కాలేదు.

సిమెంట్_సుబ్బు
సెల్లార్ పార్కింగ్‌కని ప్లాన్ పాస్ చేయించుకుని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. అర్జీ రాయాల్సింది దీనిమీద. ఒక్క సెల్లార్ ఖాళీ అయితే దాని ముందున్న బైకులన్నీ లోపలికి పోతాయి, సుమారు నాలుగు టిఫిన్ బండ్లు పట్టే చోటు దొరుకుతుంది.

నడక_నాగమణి
మరి ఆ స్టడీ హాల్ పిల్లలు ఎక్కడికి పోవాలి? అక్కడా "అన్నీ తీసేయండి" అనేనా?

గ్రూప్2_మళ్లీ
లైబ్రరీ రాత్రి కూడా తెరిచి, పైన ఇంకో అంతస్తు వేసి కుర్చీలు పెంచితే సెల్లార్‌కి ఎవడు పోతాడండీ? డబ్బు కట్టి మరీ చీకట్లో కూర్చోవాలని ఎవరికీ సరదా లేదు.

పాత_చిక్కడపల్లి
మూర్తిగారూ, ఇప్పుడు అసలు చిక్కు చెప్పనా? సెల్లార్లు అద్దెకిచ్చినవాళ్లే మన అసోసియేషన్‌లో సగం. వాళ్లచేత సెల్లార్ మీద అర్జీ రాయించండి చూద్దాం. బండివాడు కనుక అందరికీ కనబడుతున్నాడు.

మెట్లమీదమూర్తి
మీరు చెప్పింది కాదనను. కానీ నా సంతకం నేను వెనక్కి తీసుకోను. మా అమ్మకు రేపు పొద్దున దారి కావాలి, సెల్లార్ల సంగతి తేలేదాకా ఆవిడ ఆగలేదు. బండ్లు ఫుట్‌పాత్ మీద నుంచి దిగాల్సిందే. ఎక్కడికి అనేది సుబ్బు గారు చెప్పినట్టు రోడ్డు అంచుకు అయితే నాకేం అభ్యంతరం లేదు. "తీసేయాలి" అన్నచోట "ఫుట్‌పాత్ నుంచి దించి రోడ్డు అంచున చోటు ఇవ్వాలి" అని మార్పించడానికి మీటింగులో అడుగుతాను. మెట్లు, బైకులు కూడా చేర్చమంటాను. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను.

షట్టర్_శేఖర్
మెట్లు చేరిస్తే నేను సంతకం పెట్టను. ముందే చెబుతున్నా.

చక్రాల_చంద్రం
శేఖర్ గారూ, మీ షాపులోకి నేను ఇంతవరకు రాలేదు. ఎదురుగా రోడ్డు మీద ఆగి అరిస్తే మీ కుర్రాడు బయటికొచ్చి పెన్‌డ్రైవ్ తీసుకుని ప్రింట్లు తెచ్చిస్తాడు. నా బ్యాంకు స్టేట్‌మెంట్, మెడికల్ రిపోర్టు అన్నీ అలాగే. మెట్టు లోపలికి కట్టి ఒక పలక వాలు వేస్తే మీకు పోయేది రెండడుగులు.

షట్టర్_శేఖర్
అది మీరేనా అన్నా! కుర్రాడు చెబుతుంటాడు. పలక అంటే ఇనపదైతే, కావాల్సినప్పుడు వేసి తీసేసేది, చేయించగలను. మెట్టు పగలగొట్టాలంటే మాత్రం ఓనరును అడగాలి. ఆయన గోడకు మేకు కొట్టనివ్వడు.

మిర్చిలో_ఉల్లి
ఓనరు ఎవరు, సెల్లార్ ఆయనేనా?

షట్టర్_శేఖర్
తమ్ముడూ, నేను ఇంకా అక్కడ షాపు నడుపుకోవాలి.

లా_చదివినోడు
ఒక ఆచరణ మాట. మీటింగుకు ముందు కొలతలు తీసుకోండి. ఒక్క సందు చాలు. ప్రతి పది అడుగులకు ఫుట్‌పాత్ వెడల్పు ఎంత, అందులో మెట్లు ఎంత, బైకులు ఎంత, బండి ఎంత, మిగిలింది ఎంత అని రాసి, ఫొటోలు తీసి అర్జీకి జోడిస్తే అవతలివాళ్లు "పరిశీలిస్తాం" అని పక్కన పడేయడం కష్టం. కాపీ టౌన్ వెండింగ్ కమిటీకి, ట్రాఫిక్ పోలీసులకు కూడా ఇవ్వండి. ఫుట్‌పాత్ మీద బైకు ఆపడం ఎలాగూ నేరమే.

సిమెంట్_సుబ్బు
నేను వస్తాను. శనివారం పొద్దున ఏడింటికి?

పెనం_పక్కన
శనివారం వద్దన్నా, గిరాకీ రోజు, మా నాన్న మాట్లాడలేడు. మంగళవారం పెట్టుకోండి. టిఫిన్ మాది.

డల్లాస్_నుంచి_రాజు
వీడియో కాల్ పెట్టండి. పెనం కనబడేలా.

మెట్లమీదమూర్తి
మంగళవారం నాకు కుదురుతుంది. బైకులవాళ్లకు ముందురోజే చెప్పి తీయించమంటారా, కొలవడానికి వీలుగా ఉంటుంది?

చక్రాల_చంద్రం
వద్దు. ఎవరికీ చెప్పకండి. రోజూ ఎలా ఉంటుందో అలాగే కొలుద్దాం. టేపు నా దగ్గర ఉంది.